ఎడమ కాలికి పనిలేని బండి

హలో… ఆ, నేనే నాన్నా, ఇంకెవరు! ఎక్కేశాం!

పైకి… అవును, పైకే! స్కూలు గేటు ముందు నిలబడి మాట్లాడుతున్నా. పద్నాలుగు మలుపులూ అయిపోయాయి. రంగులరాట్నం వెనకాల ట్రెయిలర్లోనే ఉంది, చెక్కుచెదరలేదు.

…

కూతురు కొండెక్కిందంటే మురిసిపోవాలి కానీ.

టైమా? రెండూ నలభై. పందెంలో నువ్వు పెట్టిన గడువు మూడు. ఇంకా ఇరవై నిముషాలు మిగిల్చుకుని మరీ వచ్చా. నీ గడియారం ఎంత ముందుకి తిప్పుకున్నా లాభం లేదు.

ఆ… పన్నెండు గుర్రాలూ ఉన్నాయి, లెక్కపెట్టా. హంసలు రెండూ ఉన్నాయి. నా చిన్నప్పుడు నాకోసం చెక్కావే, చెవి తెగిన గుర్రం, అదీ ఉంది. అందరికంటే ముందు దానికే తాడు కట్టా.

ఎవరు ఎక్కించారంటే… ఎవరేమిటి, నీ దొరసానే ఎక్కించింది!

పేరు పెట్టింది నువ్వే కదా నాన్నా! బండి ఇంటికొచ్చిన రోజు చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపలికి తొంగిచూసి, "గేర్లు తనే వేసుకుంటుందిట, మనల్ని చెయ్యి పెట్టనివ్వదుట, ఇది బండి కాదు దొరసాని" అన్లేదూ? ఇప్పుడేమో ఏ దొరసాని అంటున్నావు!

హెడ్మిస్ట్రెస్‌గారా? చాలా మంచావిడలా ఉంది. గేటు దాకా ఎదురొచ్చింది. బండి చుట్టూ చూసి, "డ్రైవరేడమ్మా?" అంది. "నేనేనండీ డ్రైవర్ని" అంటే ఆవిడ మొహం చూడాలి. పిల్లలైతే క్లాసులు వదిలేసి కిటికీలకి వేలాడుతున్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఎక్కిస్తానని చెప్పా. లేకపోతే ఇప్పుడే గుర్రాలెక్కేసేలా ఉన్నారు.

అన్నీ చెప్తా, ఒక్కొక్కటే అడుగు.

ఇంజనా? అరవలేదు నాన్నా. ఒట్టు. మన పాత బండి చిలకైతే రెండో మలుపుకే గొంతు చించుకునేది. దీనికి గొంతు కొంచెం లావైందంతే.

లేదు… లేదు, చిలకని ఏమీ అనట్లేదు! పాతికేళ్లు మన అన్నం అది మోసింది, నాకు తెలీదా? నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దానిమీదే. ఇంజను సంగతి అడిగావు, చెప్పా.

గేర్లా… ఆ, అది నువ్వన్నట్టే అయింది. ఒప్పుకుంటున్నా. మొదటి రెండు మలుపుల్లో మూడు వేస్తుంది, నాలుగు వేస్తుంది, మళ్లీ మూడు. ఏ చీర కట్టుకోవాలో తేలనట్టు.

నవ్వకు. తర్వాత గుర్తొచ్చింది. ట్రెయిలర్ బొమ్మ ఉన్న బటన్ ఒకటుంది కదా, బరువు లాగేటప్పుడు నొక్కమని మన గేర్ల మెకానిక్ మరీ మరీ చెప్పాడు. అది నొక్కా. అంతే, బుద్ధిగా రెండో గేరు పట్టుకుని కూర్చుంది. పైదాకా మళ్లీ ఊగిసలాట లేదు.

మర్చిపోయా నాన్నా, మనిషిని కాదూ! రెండు మలుపులు మర్చిపోతే కొంపలేం మునగలేదుగా.

వేడా? చూశా. గేర్ ఆయిల్ వేడి చూపించే ముల్లుంది, దాని మీదే ఒక కన్నుంచా. పదకొండో మలుపులో సగం దాటింది. ఎర్ర గీత ఇంకా చాలా దూరం.

క్లచ్ కాలిన వాసనా?

నాన్నా… క్లచ్ పెడలే లేని బండి. వాసన ఎక్కణ్ణుంచి తేను?

సరే సరే, నవ్వనులే.

కానీ ఒకటి చెప్పనా? తొమ్మిదో మలుపులో ముందు బస్సు ఠక్కున ఆగిపోయింది. నేనూ ఆగిపోయా. నడి ఎత్తులో, వెనకాల రెండు టన్నుల గుర్రాలతో. అప్పుడు నా ఎడమ కాలు దానంతటదే లేచి క్లచ్ కోసం వెతుక్కుంది. ఏమీ లేదక్కడ. నేలని ఠపీమని తొక్కా. ఒక్క క్షణం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనక్కా? జానెడు కూడా జారలేదు. అదే చెప్తున్నా. బస్సు కదిలింది, నేను కుడి కాలితో మెల్లగా తొక్కా, అది మెల్లగా కదిలింది. హ్యాండ్‌బ్రేకు లాగడం, సగం క్లచ్ మీద ఆపడం, ఆ సర్కస్ ఏమీ లేదు. నాకు నువ్వు అదే ఎత్తులో చిలకని ఆపి నేర్పించడం గుర్తొచ్చింది. వెనక చక్రం కింద అగ్గిపెట్టె పెట్టి, "ఇది నలిగితే నువ్వు ఫెయిలు" అనేవాడివి. ఎన్ని అగ్గిపెట్టెలు నలిపానో!

ఇవాళ ఉంటే నలిగేది కాదు. ఆ.

హా… నువ్వు ఆ మాట అడుగుతావని తెలుసు. ఆగానా అంటే… ఆగా. కొండ మీద కాదు! పందెం కొండ మీద ఆగకూడదని. బస్సు వల్ల ఆగింది లెక్కలోకి రాదు. నేనాగింది కింద, కొండ మొదలవక ముందే, పంక్చర్ షాపు దగ్గర.

ఎందుకంటే… నిన్నే అడగాలి ఎందుకో!

అమాయకంగా మాట్లాడకు. నున్నటి రోడ్డు మీద వెనక ట్రెయిలర్ కుక్క తోక ఊపినట్టు ఊగుతోంది. కాస్త స్పీడు పెంచితే చాలు, నన్నూ కలిపి ఊపేస్తోంది. గాలి తగ్గిందేమో అని ఆగా. పంక్చర్ షాపావిడ నాలుగు చక్రాలూ కొట్టి చూసి, "గాలి కాదమ్మా, నీ బరువంతా తోకలో ఉంది" అంది. తోకలో ఏముంటుంది, ఖాళీ పెట్టే కదా అని మూత తీశా.

…

చెప్పనా ఏమున్నాయో? నువ్వు చెప్తావా?

ఇసుక బస్తాలు రెండు. పెద్ద జాకీ. ఇనప గొలుసు. నీళ్ల డబ్బాలు నాలుగు. చిలక ఫ్యాన్ బెల్టు. చిలక రేడియేటర్ గొట్టం. ఇంకా… పాత దుప్పట్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి… చిలక క్లచ్ ప్లేటు!

క్లచ్ లేని బండికి క్లచ్ ప్లేటు సర్ది పంపిన మనిషివి ఈ లోకంలో నువ్వొక్కడివే నాన్నా!

అలవాటా? పాతికేళ్లుగా దూరం వెళ్లేటప్పుడల్లా సర్దుతున్నావు కాబట్టి చేతులు వాటంతటవే సర్దేశాయా… అది సరే, ఇసుక బస్తాలు?

చిలకకి ముందు చక్రాలు తేలిపోయేవి కాబట్టి ట్రెయిలర్ వెనకాల బరువు పెడితే సరిపోయేది. నిజమే. దీనికది వద్దు నాన్నా. దీనికి ముందువైపే బరువుండాలి, కొక్కెం మీద కాస్త ఒత్తిడి పడాలి. పంక్చర్ షాపావిడా నేనూ కలిసి అన్నీ ముందుకి మోశాం. ఇసుక ఆవిడకే ఇచ్చేశా. తర్వాత నీళ్లు నిండిన బిందెలా కుదురుగా వచ్చింది.

కోపమా? లేదు. అప్పుడొచ్చింది. నేను ఓడిపోవాలని పెట్టావేమో అనుకున్నా, నిజం చెప్పొద్దూ. దుప్పటి విప్పాక పోయింది. ఓడించాలనుకున్నవాడు దానికి దుప్పటి చుట్టడు.

సరే, ఇంక పందెం సంగ… ఏమిటీ?

ఎడమవైపు లైటా?

ట్రెయిలర్ ఎడమవైపు బ్రేక్ లైటు వెలగట్లేదా… ఉండు చూస్తా… అవును, వైరు ఊడింది. పెట్టేస్తాలే, రెండు నిముషాల ప–

నాన్నా.

నా ట్రెయిలర్ లైటు వెలగట్లేదని ఇంట్లో మంచం మీద కూర్చున్నవాడికి ఎలా కనిపించింది?

ఊహించావా. ఆహా. ఏం ఊహ.

ఏదీ, అమ్మకివ్వు ఫోను.

స్నానం చేస్తోందా? మధ్యాహ్నం మూడింటికా?

తలంటుకుంటోందా. ఓహో.

పోనీ ఆ గాలి చప్పుడేమిటి? ఫ్యానా? మన ఫ్యాను అంత గట్టిగా తిరిగిన రోజు నేను పుట్టాక లేదు.

…అమ్మో! ఏమిటా హారను! చెవులు పగిలిపోయాయి. పీపీ… పాపా… పీ అని పాటలాగ. అదేమిటి?

టీవీయా.

సరే. టీవీయే అనుకుందాం. నువ్వు చెవిలో పువ్వులు పెడుతున్నావు, నేను పెట్టించుకుంటున్నా. ఇంతకీ టీవీలో ఏం వస్తోంది? … వార్తలా. వార్తల్లో లారీ వచ్చిందా. చూడు మరి, తాపీగా చూడు. నేను ఇక్కడే ఉంటాను, నాకేం తొందర లేదు. ఆ వైరు పెట్టేస్తా ఈలోపు.

మోకాలెలా ఉంది?

బాగుందా. పొద్దుట్నుంచి మంచం దిగలేదు కాబట్టి బాగుందా. మరి ఆ మూలుగేమిటి? ఇప్పుడు, "బాగుంది" అనే ముందు?

…

ఒక్క నిముషం. లారీ ఒకటి పైకొస్తోంది. నీలం లారీ. మలుపు తిరిగింది… స్కూలు ముందు హారన్ కొట్టబోతున్నాడు చూడు… విను, ఫోను అటు తిప్పుతా, విను–

విన్నావా?

పీపీ. పాపా. పీ.

నీ వార్తలు కొండెక్కి వచ్చేశాయి నాన్నా.

నవ్వుతున్నావా? … నవ్వు, నవ్వు. పట్టుబడ్డాక నవ్వక ఏం చేస్తావు. ఎక్కడున్నావు? నీళ్లు నమలకుండా చెప్పు.

పన్నెండో మలుపులోనా! ఇంక రెండే మలుపులు కిందికి!

ఎప్పట్నుంచి వెనకాల ఉన్నావు… పొద్దుట్నుంచా? నేను వీధి చివర తిరగ్గానే చిలకని తీశావా? నాకు అద్దంలో గుర్రాల తలలు తప్ప ఏమీ కనపడవు, అది కనిపెట్టి మరీ… పంక్చర్ షాపు దగ్గర ఎక్కడ దాక్కున్నావు? … టీ కొట్టు వెనకాలా? నేనక్కడ గంపెడు సామాను మోస్తుంటే నువ్వు టీ తాగుతూ చూశావా!

రెండు టీలా. బాగుంది.

మరి అమ్మకి? … అమ్మకి చెప్పే వచ్చావా! ఇద్దరూ ఒక జట్టు. తలంటు అబద్ధం కూడా ఇద్దరూ కలిసి అనుకున్నదే అయ్యుంటుంది.

ఎందుకొచ్చావు నాన్నా? … ఊ. … దొరసాని ఆగిపోతే చిలకతో లాగి తీసుకుపోదామనా. ఊ.

…

ఏమీ లేదు. వింటున్నా.

మరి పన్నెండో మలుపులో ఎందుకాగిపోయావు? రెండడుగులు వేస్తే పైకొచ్చేసేవాడివి. నేను చూస్తానని ఆగావా?

…

వాసనా? ఏం వాసన–

అయ్యో! కాలిపోయిందా! మొత్తం పోయిందా? పెడల్ వదిలేసినా ఇంజను అరుస్తోంది కానీ బండి కదలట్లేదా? చిలక క్లచ్ పోయిందా!

చక్రాల కింద రాళ్లు పెట్టావా? … రెండు వైపులా? … హ్యాండ్‌బ్రేక్ లాగావా? సరే. నువ్వు రోడ్డు పక్కకొచ్చి నిలబడు. గోడ మీద కూర్చో. ఆ, నీడలో.

ప్లేటు మార్చుకుంటావా? … గంటన్నరలో మారుస్తావా, ఆపాటి పని నీకు కొత్త కాదా… నిజమే నాన్నా, నీకు కొత్త కాదు. మార్చు మరి. ప్లేటేదీ?

…

నీ క్లచ్ ప్లేటు ఎక్కడుంది నాన్నా?

నా దగ్గర! దుప్పట్లో! నా ట్రెయిలర్లో పడుకుని ఉంది! క్లచ్ ఉన్న బండిలో లేని ప్లేటు, క్లచ్ లేని బండిలో కొండెక్కి కూర్చుంది!

అయ్యో… ఆగు… నవ్వలేక చస్తున్నా… హెడ్మిస్ట్రెస్‌గారు ఇటే చూస్తోంది… గొలుసు కూడా నా దగ్గరే! జాకీ కూడా! నీ దగ్గర ఏముంది? … నీ టిఫిన్ డబ్బానా. సరే, అది తిను.

తినేశావా. టీ కొట్టు దగ్గరేనా. మంచిది.

ఊ… ఊ… పందెమా? దాని సంగతి ఇప్పుడెందుకు.

లేదు నాన్నా, అలా అనకు.

నాకు గుర్తుంది. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని నువ్వేమన్నావో అక్షరం అక్షరం గుర్తుంది. దొరసాని మధ్యలో ఆగకుండా మూడింటిలోపు కొండెక్కకపోతే నేను దాన్ని అమ్మేయాలి. ఎక్కితే నువ్వు తాళాలు మేకుకి తగిలించి ఇంట్లో కూర్చుంటావు. అమ్మ వడ్డించడం ఆపేసి నీ మొహం చూసింది. నేనేమో పౌరుషానికి పోయి "సరే" అనేశా. రాత్రంతా ఆ మాట నన్ను తినేసింది.

ఎందుకంటావా? ఎక్కకపోతే బండి పోతుంది. ఎక్కితే నువ్వు పోతావు. రెండు వైపులా నాకు నష్టమే ఉన్న పందెం కట్టా నేను!

నువ్వు ఇంట్లో కూర్చోగలవా? నిజం చెప్పు. మూడు రోజులు వాన పడితేనే అమ్మ వంటింట్లోకెళ్లి గరిటెలు సర్దుతావు.

…

డాక్టరా? డాక్టర్ ఏమందీ? … "బండి నడపడం మానేయమంది." కాదు! అదిగో, అక్కడే! నేను పక్క కుర్చీలోనే ఉన్నా నాన్నా. ఆవిడ నీ మోకాలు పట్టుకుని వంచి చూసి ఏమందో నాకు బాగా గుర్తుంది. "ఇంక క్లచ్ తొక్కకూడదు" అంది. అంతే అంది. బండి మాట ఆవిడ ఎత్తనే లేదు. నువ్వే ఆ రెండూ ఒకటే అనుకున్నావు. నలభై ఏళ్లుగా నీకవి ఒకటే కాబట్టి.

ఆ మర్నాడే నేను ఈ బండి కోసం తిరగడం మొదలుపెట్టా.

అవును.

బరువు లాగుతుందని చెప్పా, ఆయిల్ తక్కువ తాగుతుందని చెప్పా, నాకు తేలికని చెప్పా. అవన్నీ పైపై మాటలు. నీ మోకాలి కోసం కొన్నా నాన్నా. అలా చెప్పుంటే నువ్వు ఎక్కేవాడివా? గుమ్మంలోంచే తిప్పి పంపేసేవాడివి.

నువ్వేమనుకున్నావు? … నిన్ను పక్కన కూర్చోబెట్టడానికి కొన్నాననా? … పిచ్చి నాన్నా. మరి అడగొచ్చుగా! రెండు నెలలు లోపలే దాచుకుని, దానికి పేర్లు పెడుతూ…

నా తప్పు కూడా ఉంది. ఉంది. ముందే చెప్పాల్సింది. సరే, చెరిసగం.

ఇప్పుడు విను. నేను ట్రెయిలర్ని స్కూలు గ్రౌండులో దింపేసి, చక్రాలకి చెక్కలు పెట్టి, గొలుసు పట్టుకుని కిందికొస్తా. పావుగంట. చిలకని కట్టి పైకి లాగేద్దాం. ప్లేటు సంగతి రేపు పిల్లలందరూ ఎక్కి దిగాక చూద్దాం, మెకానిక్‌ని రమ్మంటా. నువ్వు బండి కింద దూరావంటే అమ్మతో చెప్తా.

ఎవరు లాగాలా?

నువ్వే.

నువ్వే అంటున్నా! నేను చిలకలో కూర్చుని స్టీరింగు, బ్రేకు చూసుకుంటా. గొలుసు మీద వచ్చే బండిలో కూర్చోడమే కష్టం, అది నేను చేస్తా. నువ్వు దొరసానిని నడుపు. రెండే మలుపులు.

రాదా? నలభై ఏళ్లు నడిపి రాదంటావేమిటి! ఏముందక్కడ? పక్కనున్న పిడిని డి అన్న అక్షరం దాకా లాగాలి. ట్రెయిలర్ బొమ్మ బటన్ నొక్కాలి. మర్చిపోకు, నాలాగ. కుడి కాలు మెల్లగా. గొలుసు బిగుసుకునే దాకా మెల్లగా, తర్వాత ఇంకొంచెం. అంతే.

ఎడమ కాలా?

సీటు కిందికి మడిచి పెట్టుకో. దానికి పనిలేదు. పాపం అది నలభై ఏళ్లు తొక్కింది. రిటైరయ్యేది అదొక్కటే నాన్నా, నువ్వు కాదు.

…

నాన్నా?

ఏమిటి, ముక్కు చీదుతున్నావా? … దుమ్మా. సరే. కొండ మీద దుమ్మెక్కువే.

పందెం గెలిచింది నేను కదా? రెండూ నలభైకి ఎక్కానా లేదా? … ఆ, ఒప్పుకున్నావు. అయితే నేను చెప్పినట్టు వినాలి. మేకు మాట ఎత్తడానికి వీల్లేదు. దొరసానికి రెండు తాళంచెవులున్నాయి. రెండోది కొన్న రోజునుంచీ నా బ్యాగులోనే ఉంది, ఎప్పుడివ్వాలో తెలీక. ఇవాళ అది నీ చొక్కా జేబులో వేస్తా.

ఇంకోటి. రాట్నం నడిమి స్తంభం నిటారుగా నిలబెట్టడం నాకింకా రాలేదు. పోయినసారి నేను నిలబెడితే గుర్రాలన్నీ ఒక పక్కకి వాలి పరిగెత్తాయి, గుర్తుందిగా? అది నీ కంటికే తెలుస్తుంది. రేపు పొద్దున తొమ్మిదికి మూడొందలమంది పిల్లలు. వాళ్లకి చెప్పేశా, మా నాన్న వచ్చి నిలబెడతాడని.

ఎప్పుడు చెప్పానా… ఇప్పుడు చెప్తాలే.

వస్తున్నా. గోడ మీంచి కదలకు… ఏమిటీ? … గట్టిగా చెప్పు, గాలికి వినపడట్లేదు…

సీటా? సీటు ఎంత వెనక్కి జరుగుతుందనా?

నీ కాలెంత చాపుకోవాలంటే అంత జరుగుతుంది నాన్నా!

అద్దాలు కూడా తిప్పుకోవచ్చు. అన్నీ తిప్పుకో. … ఏమిటి? తొందరగా రమ్మంటావా! రెండు నెలలు ముట్టుకోని మనిషి… హలో? … హలో?

పెట్టేశాడు.

మేడమ్! ఈ రాట్నాన్ని గ్రౌండులో దింపేసి ఒక్క అరగంటలో వచ్చేస్తానండీ. మా డ్రైవరుగారు కింద మలుపులో ఎదురుచూస్తున్నారు.